పెరటికోళ్ల యాకస్మిక మరణములు – కారణమును కనుగొను విధము

ఉదయమున గంప తీయగానే రెండు పెట్టలు కాళ్లు చాచి పడియుండును. నిన్న సాయంకాలము నూకలు తిన్న కోళ్లే అవి. మఱునాడు మూడు పోవును. ఆ మఱునాడు పుంజుతో గూడ నాలుగు పోవును. ఇంటివారు "తెగులు తగిలినది" అని యనుకొందురు. ఒకరు పసుపునీరు త్రాగింపుమందురు. ఒకరు వెల్లుల్లి మ్రింగింపుమందురు. వేఱొకరు అంగడిలో దొరకిన మాత్రను పొడిచేసి అన్నములో కలుపుదురు. మిగిలినవి చచ్చుటకు ముందే అమ్మివేయుట మేలని పొరుగువారు సలహా చెప్పుదురు. వారము దినములు గడచునప్పటికి గంప ఖాళీయగును. కారణము మాత్రము తెలియదు. కారణము తెలియనందున, మరల కొనితెచ్చిన కోళ్లును అదే మార్గమున పోవును.

ఇది చిన్న నష్టమని యెవ్వరును తలపరాదు. సేద్యపు రాబడి పంట నూర్చిన పిదప గాని చేతికి రాదు. కోళ్లవలన వచ్చు సొమ్ము మాత్రము వారము వారము ఇల్లాలి కొంగున చేరును. పిల్లల పుస్తకములకును, జ్వరము వచ్చిననాటి మందునకును, చుట్టములు వచ్చిననాటి కూరకును ఆ సొమ్మే యాధారము. భూమిలేని కుటుంబములకు పది కోళ్లే పశుసంపద. కావున ఈ పాఠమును మన సంఘ సభ్యులకును, ముఖ్యముగా ఇంట కోళ్లను సాకు గృహిణులకును ఉద్దేశించితిమి.

ఇందు చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. కోడి చచ్చినపుడు మందును వెదకుటకు ముందు మందయొక్క చరిత్రను వెదకవలయును. ఎన్ని చచ్చినవి, ఏ వయస్సువి చచ్చినవి, ఎక్కడ ఏ వేళ చచ్చినవి, వానికి ముందు ఏమి మారినది అను నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకినయెడల, కారణము సగము దొరకినట్లే. మిగిలిన సగమును పశువైద్యుడు కనుగొనును. ఈ నాలుగు జవాబులు లేక వైద్యుని యొద్దకు పోయినయెడల, అతడును చీకటిలో తడవులాడవలసినదే.

ఒక పూర్వ వృత్తాంతము

ఈ మాటకు గొప్ప నిదర్శనము జావా ద్వీపమున జరిగినది. 1889వ సంవత్సరమున బటేవియా నగరములో (నేటి జకార్తాలో) క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి యను మనుష్యరోగమును గూర్చి పరిశోధన చేయుచుండెను. అతని పరిశోధనాలయము సైనికుల ఆసుపత్రిని చేరియుండెను. అచ్చట పెంచుచున్న కోళ్లకు ఆకస్మికముగా కాళ్ల పట్టు తప్పెను. అవి తూలుచు నడచి, పిదప లేవలేక ప్రక్కకు ఒరగి చచ్చుచుండెను. సూక్ష్మజీవులే కారణమని తలచి ఐక్మన్ చాల వెదకెను, ఏదియు కనబడలేదు. రోగపుకోళ్ల నుండి వేఱుచేసి యుంచిన కోళ్లకును ఆ రోగమే వచ్చెను. కొన్ని మాసములు గడచిన పిదప, ఏ మందును ఇయ్యకయే, మిగిలిన కోళ్లు కోలుకొనెను.

అప్పుడతడు మేతను గూర్చి విచారించెను. పరిశోధనాలయపు సేవకుడు ఖర్చు తగ్గించుటకై ఆసుపత్రి వంటశాలలో మిగిలిన అన్నమును కోళ్లకు పెట్టుచుండెనట. అది బాగుగా పాలిషు పట్టిన తెల్లని బియ్యపుటన్నము. నవంబరు మాసమున వంటవాడు మాఱెను. సైనికుల బియ్యమును సైనికులు కాని కోళ్లకు పెట్టుట తగదని క్రొత్త వంటవాడు నిరాకరించెను. నాటినుండి కోళ్లకు ముతక బియ్యము పెట్టిరి. కోళ్లు లేచి తిరిగెను. పిదప చేసిన పరీక్షలలో, పాలిషు బియ్యము తినిన కోళ్లు జబ్బుపడుటయు, తవుడు పెట్టగానే కోలుకొనుటయు రుజువయ్యెను. బియ్యములో విషమేదో యున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు ఐక్మన్ మొదట తలచెను. అతని తరువాత పనిచేసిన గెరిట్ గ్రైన్స్ 1901లో ఆ యూహను సరిదిద్ది, తవుడులో నుండు ఒక యవసరమైన పదార్థము లోపించుటయే కారణమని చెప్పెను. ఆ పదార్థమునే నేడు థయమిన్ లేక బి1 విటమిను అందుము. ఈ పరిశోధనకు 1929లో ఐక్మనునకు నోబెలు బహుమానము వచ్చినది.

వరిపండించు మనకు ఈ కథ దగ్గఱిది. అయితే ఇచ్చట గ్రహింపవలసినది బియ్యమును గూర్చిన విషయమొక్కటియే కాదు. అంతటి వైద్యుడు సూక్ష్మదర్శినితో కనుగొనలేని కారణము, "ఈ మధ్య ఏమి మారినది?" అను సామాన్య ప్రశ్నచే బయటపడినది. ఆ ప్రశ్నను మన పెరటిలో నిలిచి మనమును అడుగగలము.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఎన్ని చచ్చినవి, ఎన్ని దినములలో చచ్చినవి? మాసమునకొకటి పోవుట వేఱు. మూడు దినములలో సగము మంద పోవుట వేఱు. ఒక్క పూటలో ఆఱు కోళ్లు పడిపోయి, తరువాత ఏదియు చావక యుండుట మఱియును వేఱు. అంటురోగము మొదట ఒకటి రెండింటిని, పిదప నాలుగైదింటిని పట్టి దినదినము పెరుగును. విషము ఒకేమాఱు కొట్టి ఆగిపోవును. పురుగులును, ఆహారలోపమును మెల్లమెల్లగా తినివేయును.

రెండవ ప్రశ్న: ఏ వయస్సు కోళ్లు చచ్చినవి? పిల్లలు మాత్రమే పోయి పెద్దవి బాగుగా నున్నయెడల ఒక తెఱగు. పెద్దవి మాత్రమే పోయిన ఇంకొక తెఱగు. చిన్న పెద్ద తారతమ్యము లేక అన్నియు పోవుచున్నయెడల భయపడవలసిన తెఱగు.

మూడవ ప్రశ్న: ఎక్కడ, ఏ వేళ చచ్చినవి? రాత్రి గూటిలో చచ్చినవా, మధ్యాహ్నపు టెండలో చచ్చినవా, ధాన్యపు కొట్టు ప్రక్కన పడినవా, మందు చల్లిన చేని గట్టున పడినవా? మెడమీద గాటు గాని, ఈకలు చెదరుట గాని కనబడినయెడల అది తెగులు కాదు. ముంగిసయో పిల్లియో వచ్చినదని తెలిసికొనవలయును. నడివేసవిలో మధ్యాహ్నము నోరు తెఱచి రొప్పుచు, రెక్కలు దూరముగా చాచి బరువైన కోళ్లు ముందుగా చచ్చినయెడల, వడదెబ్బను అనుమానింపవలయును.

నాలుగవ ప్రశ్న: మరణములకు ముందు పదిపదునైదు దినములలో ఏమి మారినది? సంతనుండి క్రొత్తకోడిని తెచ్చితిరా? పందెములకో బంధువుల యింటికో పోయిన పుంజు తిరిగి వచ్చినదా? మేత మాఱినదా? ముసురు పట్టి గూడు తడిసినదా? పొలములో మందు కొట్టితిరా? ఎలుకలకు మందు పెట్టితిరా? పొరుగింట కోళ్లు చచ్చినవా? సమీపపు చెఱువులో కాకులో బాతులో చచ్చి పడినవా? తఱచుగా ఇంటివారు మొదట "ఏమియు మాఱలేదు" అని చెప్పుదురు. ఒక్కొక్కటిగా అడిగినపుడు మాత్రము జ్ఞాపకము వచ్చును.

జవాబులను బట్టి గుర్తించుట

అన్ని వయస్సుల కోళ్లు దినదినము హెచ్చుగా చచ్చుచు, ఆకుపచ్చని లేక తెల్లని నీళ్ల రెట్ట వేయుచు, నోరు తెఱచి ఎగశ్వాస పీల్చుచు, బ్రతికినవానిలో కొన్నింటికి మెడ మెలితిరుగుచున్నయెడల, అది కొక్కెర తెగులు కావచ్చును. దీనినే రాణిఖేత్ వ్యాధి యందురు. ఇది 1926లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ ప్రాంతమునను జావా ద్వీపమునను కనబడినది. మన దేశమున 1920ల చివర కుమావూ కొండలలోని రాణిఖేత్ వద్ద గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది. టీకా పొందని మందలో ఇది నూటికి తొంబది పైగా కోళ్లను తీసికొనిపోగలదు. వైరసువలన కలుగునది కావున దీనిని కుదుర్చు మందు లేదు. టీకా యొక్కటియే రక్ష.

మూడు మొదలు ఎనిమిది వారముల పిల్లలు మాత్రమే ఈకలు ఉబ్బించి ముడుచుకొని కూర్చుండి, రక్తముతో కూడిన రెట్ట వేసి చచ్చుచున్నయెడల, అది రక్తపారుడు. వైద్యులు కాక్సిడియోసిస్ అందురు. తడిసిన నేలలో దీని బీజములు పెరుగును. ముసురుపట్టిన వారమునకు పిదప వచ్చుట దీని స్వభావము. దీనికి మందు కలదు. త్వరగా గుర్తించినయెడల చాల పిల్లలను దక్కించుకొనవచ్చును.

తురాయిమీదను, కనుఱెప్పలమీదను, ముక్కు మొదటను బుడిపెలు లేచి నల్లని పక్కులు కట్టుచున్నయెడల అది మశూచి. దోమకాటు దీనిని వ్యాపింపజేయును. బుడిపెలు మాత్రమే యున్న కోళ్లు చాలభాగము బ్రతుకును. నోటిలో పసుపుపచ్చని పొర కట్టినవి మేత తినలేక, ఊపిరాడక చచ్చును.

బాగుగా తినుచున్న పెద్దకోళ్లు ఆకస్మికముగా చచ్చి, కొన్నింటికి తురాయి నీలమై తమ్మెలు వాచినయెడల, కోళ్ల కలరా కావచ్చును. ఇది సూక్ష్మజీవివలన కలుగునది. ఫ్రాన్సు దేశీయుడగు పాశ్చర్ 1880 ప్రాంతమున రోగబీజమును బలహీనపఱచి టీకాగా వాడు పద్ధతిని మొదట కనుగొన్నది ఈ రోగమును పరిశోధించుచున్నప్పుడే. దీనికి మందు పనిచేయును గాని ఏ మందో, ఎంతయో వైద్యుడే చెప్పవలయును.

చావులు కొద్దిగా నున్నను కోళ్లు తిని తిని చిక్కిపోవుచు, తురాయి పాలిపోయి, రొమ్మెముక కత్తివలె తగులుచున్నయెడల, పేగులలో పురుగులున్నవేమో చూడవలయును. ఏలికపాములు రెట్టలో పడును. బద్దెపురుగుల ముక్కలు బియ్యపుగింజలవలె కనబడును. ఇట్లే తురాయి పాలిపోయి, పొదుగుడుపెట్టలు గూటిలోనే చచ్చుచున్నయెడల, రాత్రి దీపముతో గూటిని పరీక్షింపుడు. గోమారులు పగలు కఱ్ఱల పగుళ్లలోను గోడ నెఱ్ఱెలలోను దాగి, రాత్రి వచ్చి రక్తము త్రాగును. అవి రక్తము త్రాగుటయే గాక, స్పైరోకీట్ అను రోగబీజమును కోడినుండి కోడికి చేర్చును. పగటివేళ కోడిని మాత్రము పరీక్షించువారికి ఈ శత్రువు తఱచుగా కనబడదు.

ఒకే పూటలో, ఆకలిగొని ముందుగా తిను బలమైన కోళ్లు మేతసంచి నిండియుండగా చచ్చినయెడల, విషమును అనుమానింపుడు. మందు పట్టించిన విత్తనములు, ఎలుకల మందు కలిపిన నూకలు, పురుగుమందు డబ్బాను కడిగిన నీరు, మిగిలిపోయిన గుళికమందు—ఇవి పెరటిలోనికి ఎట్లో యొకట్లు వచ్చును. బూజుపట్టిన మేతయు విషమే. 1960లో ఇంగ్లండులో లక్షకుపైగా సీమకోళ్ల పిల్లలు కారణము తెలియక చచ్చినవి. రోగమునకు పేరైనను లేనందున దానిని "ఎక్స్ రోగము" అనిరి. తుదకు అవన్నియు తినిన వేరుసెనగపిండియే మూలమని తేలినది. ఆ పిండిలో పెరిగిన బూజు పుట్టించిన విషమునే నేడు అఫ్లటాక్సిన్ అందుము. వేరుసెనగ చెక్కను, తడిసిన మొక్కజొన్నను కోళ్లకు పెట్టు మనమీ విషయమును మఱవరాదు.

బ్రతికియున్న కోడిని పరీక్షించుట

చచ్చిన కోడికంటె జబ్బుపడిన కోడి యెక్కువ విషయములు చెప్పును. మొదట దూరముననే నిలిచి చూడుడు. పట్టుకొనుటకు పోయినపుడు జబ్బుకోడియు బెదరి చుఱుకుగా కనబడును. నడక, మెడ, రెక్కలు, ఊపిరి గమనింపుడు. గూటిలోని తాజా రెట్ట రంగు చూడుడు. పిదప మూతికి గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు గాని ప్లాస్టిక్ సంచులు గాని తొడిగి, కోడిని పట్టి క్రమముగా పరీక్షింపుడు. తురాయి ఎఱ్ఱగా నున్నదా, పాలిపోయినదా, నీలమైనదా? కన్నులు తేటగా నున్నవా? నోటిలో పొరగాని జిగురుగాని కలదా? మేతసంచి నిండియున్నదా, ఖాళీయా, పుల్లని వాసన వచ్చుచున్నదా? రొమ్మెముకకు ఇరుప్రక్కల కండ యున్నదా? రెక్కల క్రిందను మలద్వారము చుట్టును పేలున్నవా? పరీక్ష ముగిసిన పిదప చేతులను సబ్బుతో కడుగుకొనవలయును. ఇంతపనికి అరగడియ చాలును. కనబడినదానిని వెంటనే వ్రాసికొనుడు. సాయంకాలమునకు రంగులును లెక్కలును మనస్సులో కలిసిపోవును.

చచ్చిన కోడి విషయమున జాగ్రత్త

ఇచ్చట ఒక హెచ్చరిక అత్యవసరము. బర్డ్ ఫ్లూ అను పక్షుల ఇన్ఫ్లూయెంజా మన దేశపు కోళ్లలో మొదటిమాఱు 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమునందలి నవాపూర్ వద్ద నిర్ధారితమైనది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లలో బయటపడినది. తల వాచుట, తురాయి నీలమగుట, కాలి పొలుసులక్రింద రక్తపు మచ్చలు కనబడుట, ఒకటి రెండు దినములలోనే మంద తుడిచిపెట్టుకొని పోవుట దాని గుర్తులు. తీవ్రమైన కొక్కెర తెగులును దీనిని కంటితో చూచి వేఱుపఱచుట అనుభవజ్ఞునికిని సాధ్యము కాదు. ఇది మనుష్యులకు అరుదుగా సోకును గాని సోకినపుడు ప్రాణాపాయకరము. కావున అన్ని వయస్సుల కోళ్లు రెండు మూడు దినములలో విరివిగా చచ్చుచున్నయెడల కోడిని కోయరాదు, ఈకలు తీయరాదు, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. శవమును ఎక్కడికిని మోసికొని పోరాదు. పశువైద్యశాలకు గాని, సంచార పశువైద్యసేవల 1962 సంఖ్యకు గాని వెంటనే తెలియజేయవలయును. వైద్యుడే వచ్చి నమూనాలు తీసి పంపును. తుది నిర్ధారణ భోపాలులోని ఉన్నతభద్రతా పరిశోధనాలయమున జరుగును. ఇట్టి రోగములను తెలియజేయుట 2009 నాటి పశువుల అంటురోగ నివారణ చట్టము ననుసరించి యజమాని విధి. తెలియజేసినయెడల కోళ్లను ఊరక చంపివేయుదురని కొందఱు దాచుదురు. రోగము నిర్ధారితమై అధికారులు చంపించు కోళ్లకు పరిహారము కలదు. దాచిన రోగమువలన పొరుగువారికి కలిగిన నష్టమునకు పరిహారము లేదు.

చావులు కొద్దిగా నుండి, మెల్లగా జరుగుచున్న సందర్భములలో, వైద్యునితో ముందుగా మాటలాడి, అతడు తెమ్మన్నయెడల అప్పుడే చచ్చిన కోడిని రెండు ప్లాస్టిక్ సంచులలో కట్టి, మంచుముక్కల నడుమ నుంచి, ఆ దినముననే తీసికొని పోవలయును. గడ్డకట్టించరాదు, గడ్డకట్టిన మాంసములో రోగచిహ్నములు చెడును. ఎండలో అరదినము పడియున్న శవము వైద్యునికేమియు చెప్పదు.

ఒక దృష్టాంతము

ఒక యింట 18 కోళ్లు కలవనుకొనుడు: ఒక పుంజు, ఆఱు పెట్టలు, అయిదు వారముల పిల్లలు పదునొకండు. వారము దినములు ముసురు పట్టినది. సోమవారము రెండు పిల్లలును, మంగళవారము మూడు పిల్లలును చచ్చినవి. బుధవారమున ఒక పెట్ట చచ్చినది. ఇల్లాలు కొక్కెర వచ్చినదని భయపడి, మిగిలిన పండ్రెండింటిని సంతకు పంప నెంచినది.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుదము. మూడు దినములలో ఆఱు చచ్చినవి. అందు అయిదు పిల్లలే. మిగిలిన పిల్లలలో మూడు ముడుచుకొని యున్నవి. గంపక్రింద రెట్టలో రక్తము కలదు. ముసురునకు గంపక్రింది ఊక తడిసి ముద్దయైనది. ఇంతవఱకు రక్తపారుడునకే సరిపోవుచున్నది. కాని పెద్దపెట్ట ఏల చచ్చినది? రక్తపారుడు పెద్దకోడిని అంత సులభముగా చంపదు. ఇచ్చట తొందరపడువాడు రెండు తప్పులలో నొకటి చేయును: పెట్ట చావును లెక్కింపక విడుచుట యొకటి, దానికొఱకు పిల్లల గుర్తులను మఱచి కొక్కెర యని తేల్చుట రెండవది. అట్లు చేయక మరల అడుగవలయును. పెట్ట ఎక్కడ పడినది? ధాన్యపుకొట్టు వెనుక. దాని మేతసంచి నిండియున్నది. మిగిలిన పెట్టలు చుఱుకుగా తినుచున్నవి. మూడు దినములక్రిందట ఇంటి పెద్దకుమారుడు కొట్టులో ఎలుకల మందు పెట్టెను. ఆ సంగతి తల్లికి తెలియదు. కావున ఇవి ఒక రోగము కాదు, రెండు కారణములు. ఒకే వారమున జరిగినందున ఒకటిగా కనబడినవి.

పిల్లలను పొడిచోటికి మార్చి, వైద్యుడు చెప్పిన మోతాదున ఆంప్రోలియము నీటిలో కలిపి ఇచ్చినయెడల మిగిలినవానిలో చాలవఱకు దక్కును. ఎలుకల మందును తీసివేసినయెడల పెట్టలు దక్కును. చచ్చిన పెట్టను కూరచేసికొనరాదు, కుక్కకు వేయరాదు. విషము వారికిని తగులును. ఇదే యింట పెట్టలు తలలు వాల్చి, ఆకుపచ్చని రెట్ట వేయుచు, గురువారము మఱి రెండు చచ్చియుండినయెడల, ఈ జవాబంతయు మాఱిపోవును. తక్షణమే వైద్యునికి చెప్పవలసియుండును. గుర్తు సరిపడక మిగిలిపోయిన ఒక్క కోడిని విడువకుండుటయే పరీక్షకుని నేర్పు.

కారణము తెలియునంతవఱకు

కారణము ఏదైనను మొదటి దినముననే చేయదగిన పనులు కొన్ని కలవు. జబ్బుకోళ్లను వేఱుచేసి, మేతయు నీరును ముందు ఆరోగ్యమైనవానికి పెట్టి, పిదప జబ్బువానికి పెట్టవలయును. కోళ్లను బయటికి విడువక కట్టడిచేయవలయును. కొనుటయు అమ్ముటయు మానవలయును. అనుమానమున్న మేతను నిలిపి, పిడికెడు దాచియుంచవలయును, అది సాక్ష్యము. పశువైద్యునికి తెలిపి అతడు అనుమతించిన పిదప, శవములను నూతికి దూరముగా మూడు నాలుగడుగుల లోతున పాతి సున్నము చల్లవలయును. కాలువలో పాఱవేయుట పొరుగూరికి రోగమును పంపుటయే. గూటిని తుడిచి, కడిగి, ఎండనిచ్చి, పగుళ్లను సున్నముతో పూయవలయును. వైద్యుడు చెప్పక ముందు అంగడిమాత్రలు వేయరాదు. వైరసు రోగమునకు అవి పనిచేయవు సరిగదా, గుర్తులను కప్పివేయును.

జబ్బుకోళ్లను సంతకు పంపు అలవాటును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఇది దురాశచే చేయు పని కాదు. ఉన్న కొంచెమైనను దక్కించుకొందమను ఆతురతచే చేయు పని. కాని ఆ గంప ఏ యింటికి చేరునో ఆ యింటి ఇల్లాలికిని పిల్లల పుస్తకములు కొనవలసియుండును. సంక్రాంతి దినములలో కోళ్లు ఊరినుండి ఊరికి తరలునపుడు రోగమును వానివెంట తరలుట మనము చూచుచునే యున్నాము. క్రొత్తగా తెచ్చిన కోడినిగాని, బయటికి పోయివచ్చిన పుంజునుగాని, కనీసము రెండు వారములు వేఱుగానుంచిన పిదప మందలో కలుపుట ప్రతి యింటను పాటింపదగిన నియమము.

సంఘము చేయదగిన పని

కొక్కెర టీకా దొరకును, వెలయు తక్కువ. అయినను పెరటికోళ్లకు అది ఏల అందుటలేదు? టీకా సీసాలో నూఱు కోళ్లకుగాని అంతకెక్కువ కోళ్లకుగాని సరిపడు మందుండును. దానిని శీతలపెట్టెలో తేవలయును. ఒకసారి కలిపిన పిదప రెండు గంటలలో వాడివేయవలయును. పది కోళ్లున్న యింటివారు సీసా కొనినయెడల తొంబది పాళ్లు పాఱవేయవలయును. అందుచే ఎవరును కొనరు. ఒక్క యిల్లు చేయలేని పనిని పది యిండ్లు కలిసినయెడల సులభముగా చేయును. సహకార మనగా నిదియే.

ప్రతి గ్రామమున కోళ్లున్న యిండ్ల పట్టికను వ్రాసి, పశువైద్యునితో దినము నిర్ణయించుకొని, తెల్లవారకముందే కోళ్లు గంపక్రింద నుండగా ఇంటింటికి పోయి టీకా వేయించవలయును. వారము వయస్సు పిల్లలకు లసోటా టీకాను కంటిలో చుక్కగా వేయుదురు. ఎనిమిది వారములు దాటిన కోళ్లకు ఆర్ టు బి అను టీకాను రెక్కక్రింద సూదితో ఇత్తురు. అటుపిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలయును. టీకాకు వారము ముందు పురుగుల మందు వేయుట మంచిది. అప్పటికే జబ్బుతోనున్న కోళ్లకు టీకా వేయరాదు. రోగము ప్రవేశించిన పిదప పరుగెత్తుటకంటె, వేసవికి ముందే ఈ పని ముగించుకొనుట మేలు.

దీనితోపాటు ప్రతి సభ్యుని యింటను ఒక చిన్న పుస్తకమును గోడకు వ్రేలాడదీయుడని కోరుచున్నాము. దానిలో తేది, ఎన్ని కోళ్లున్నవి, ఎన్ని చచ్చినవి, వాని వయస్సు, చచ్చిన చోటు, రెట్ట రంగు, క్రొత్తగా వచ్చినదేమి, మాఱిన మేత యేమి, టీకా వేసిన దినమేది అను సంగతులు వ్రాయుచుండవలయును. వ్రాయలేని తల్లి బడికిపోవు బిడ్డచేత వ్రాయింపవచ్చును. మన కోడి యేల చచ్చినదో చెప్పగల మొదటి సాక్షి, ప్రతిదినము గంప యెత్తు ఇల్లాలే. ఆమె చూచినది కాగితముమీద నున్నయెడల పశువైద్యుని పని సగము తీరును; లేనియెడల ఆమె సొమ్ము ప్రతి యేట గంపక్రిందనే పోవుచుండును.